సున్నం కింది పేరు

మేము ఉప్పల్‌లో దిగిన రోజున మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆమె చేసిన తప్పల్లా అదే. అద్దెకు తీసుకున్న రెండు గదుల ముందు సామాను దించుతున్నారు, నేను గోడవారన తూనీగల వెంట పడ్డాను, అమ్మ విసుగ్గా గొంతెత్తి రెండుసార్లు కేకేసింది. పెరట్లో నీళ్లు తోడుతున్న ఇంటావిడ చేతిలో బొక్కెన వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బొక్కెన తాడుతో సహా బావిలో పడిన చప్పుడు నాకు వినిపించింది.

“ఎవర్ని పిలిసినవమ్మా?” అంది ఆవిడ. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“మా అమ్మాయినండీ,” అని అమ్మ నన్ను చూపించింది.

ఆవిడ నన్ను చూసింది. చూస్తూ ఉండగానే ముఖం వాడిపోయింది. వెనక్కి వెళ్లి, గాలం వేసి బొక్కెన వెతుక్కుంది. నాకప్పుడు ఆరేళ్లు. ఎవరో వస్తారనుకుని వచ్చి, తీరా నేను కనబడితే ఆవిడకు నచ్చలేదని మాత్రం అర్థమైంది. ఆ రోజంతా అమ్మ కొంగు వదల్లేదు.

సాయంత్రానికి సంగతి తెలిసింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురిదీ నా పేరే, నా వయసే. కిందటేడు, అయిదేళ్ల పిల్లగా ఉండగా జ్వరం వచ్చి పోయింది.

ఇందులో వింతేమీ లేదని మా నాన్న తేల్చేశాడు. వాళ్లూ మేమూ క్రైస్తవులమే. బైబిల్లో ఆడవాళ్ల పేర్లు బోలెడున్నా మనవాళ్లకు నచ్చేవి అయిదారే. ఆదివారం చర్చిలో నా పేరు పిలిస్తే ముగ్గురం తలలు తిప్పేవాళ్లం. అంతెందుకు, మా నాన్న పేరూ ఇంటాయన పేరూ కూడా ఒకటే. దాని మీద వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి హాస్యాలాడుకున్నారు.

ఇంటాయన సుతారి. మా వైపు తాపీమేస్త్రీ అంటాం. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, చదువు రాదు. నేను ఆయన్ని పెద్దనాయన అనీ, ఆవిడని పెద్దమ్మ అనీ పిలిచేదాన్ని. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైన మరుసటేడు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చాడు. రెండేళ్లు ఉండి వెళ్లిపోదామనుకున్నాం. ఉండిపోయాం.

నేను రెండు నోళ్లతో పెరిగాను. గుమ్మం లోపల ‘వచ్చాడు’, గుమ్మం దాటితే ‘వచ్చిండు’. వీధి మాట ఇంట్లో దొర్లితే అమ్మ మూతి ముడుచుకునేది, ఇంటి మాట వీధిలో దొర్లితే తోటి పిల్లలు నన్ను వెక్కిరించి చంపేవాళ్లు. ఇద్దరి మీదా నాకు కోపమే.

పందొమ్మిదేళ్లకు టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశాను. నాచారంలో ఒక ప్రైమరీ బడిలో ఖాళీ ఉంది, జాబితాలో నా పేరు వచ్చింది. కార్ఖానాలు లేస్తున్న రోజులు, కూలీల పిల్లలతో ఆ బడి కిటకిటలాడేది. నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం కోసమని కాదు, నల్లబల్ల ముందు నిలబడి సుద్దముక్క పట్టుకోవాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఎవరు తప్పు రాసినా దిద్దకపోతే నాకు అన్నం సహించదు. ఆ జబ్బు ఇప్పటికీ పోలేదు.

అడ్డం పడింది ముల్కీ సర్టిఫికెట్. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఈ దేశపు మనిషి. పదిహేనేళ్లుగా తెలంగాణలో ఉంటున్నట్టు తాసిల్దారు రాసిస్తేనే ఆ ఉద్యోగం. మేము వచ్చి పదమూడేళ్లే. ఒకే భాష మాట్లాడుకుంటూ, ఒకే కీర్తనలు పాడుకుంటూ పరదేశులం కావడం మాకే చెల్లింది. మాకేదో అన్యాయం జరిగిందని ఇదంతా చెప్పడం లేదు. ఆ రూలు ఎందుకొచ్చిందో నేను ఆ వీధిలోనే చూశాను. పెద్దనాయన తమ్ముడి కొడుకు పరీక్ష పాసై ఇంట్లో కూర్చున్నాడు.

“మీ దిక్కోళ్లు రైలు దిగుడు, కుర్సీల కూసునుడు,” అనేవాడు పెద్దనాయన, మా నాన్న పక్కన అదే మంచం మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటూ. “నిన్ను అంటలేనన్నా. మీ దిక్కోళ్లను అంటున్న.”

“మా దిక్కోళ్లంటే నేను కానా అన్నా?” అనేవాడు మా నాన్న. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. గొడవలు ముదిరాక ఆ నవ్వు తగ్గింది. ఊళ్లో గోడల మీద వెళ్లిపొమ్మని రాతలు లేచాయి. ఒకరోజు పొద్దున్నే మా గది తలుపు మీద ఎవరో సుద్దతో ఇంటూ గుర్తు గీశారు. పెద్దమ్మ తడిగుడ్డతో తుడిచేసింది. మచ్చ మిగిలింది.

ఆ మధ్యాహ్నమే ఆవిడ మా వంటింటి గడపలో కూర్చుని మెల్లగా బయటపెట్టింది. వాళ్ల పాప బాప్తిస్మం ఉప్పల్ చర్చిలోనే అయింది. రిజిస్టరులో పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ రాసి ఉన్నాయి. ఇంటిపేరు రాసే అలవాటు అప్పటి పాదిరి అయ్యగారికి లేదు. ఇప్పుడున్న పాదిరిగారు కొత్తగా వచ్చారు, ఆ పిల్ల పోయిన సంగతి ఆయనకు తెలియదు. చనిపోయినవాళ్ల పుస్తకం వేరే ఉంటుంది. అడిగితే ఉన్నదున్నట్టు నకలు రాసిస్తారు. పేరు నాది, తండ్రి పేరు మా నాన్నది. పుట్టిన తేదీలో రెండు నెలల తేడా, అయినా ఆ రోజుల్లో బడిలో పంతులు వేసిన తేదీని ఎవరూ నమ్మేవాళ్లు కారు. తల్లి పేరు దగ్గర మాత్రం పెద్దమ్మ పేరు ఉంటుంది. బడి కాగితాల్లో తల్లి పేరు అడగరు కాబట్టి దానికీ అడ్డు లేదు.

అమ్మ ముఖం మాడ్చుకుంది. నేను మాత్రం పెద్దమ్మ చేతులు పట్టుకున్నాను. “మీ మేలు మర్చిపోను,” అన్నాను.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

“నీకిస్తలేను బిడ్డా,” అంది. “దానికిస్తున్న. అది బతికుంటే ఈ నౌకరి దానిదే గద.”

తాసిల్దారు ఆఫీసులో గుమాస్తా ప్రశ్నలు వేస్తాడు. అందుకని ఆవిడ నన్ను తయారు చేసింది. మధ్యాహ్నాలు తన గదికి పిలిచి నేను ఎక్కడ పుట్టానో, ఏ మంత్రసాని చేతుల్లో పడ్డానో, ఏ కుక్కను చూస్తే ఏడ్చేదాన్నో చెప్పేది. అన్నీ కంఠస్థం చేశాను. అన్నిటికంటే కష్టమైంది ఒక్క మాట. వాళ్ల పల్లెలో కన్నతల్లిని ‘అవ్వా’ అంటారు. మా వైపు అవ్వ అంటే ముసలమ్మ. నలభై నిండని మనిషిని పట్టుకుని అవ్వా అని పిలవడానికి మొదట్లో నవ్వొచ్చేది. ఆవిడ నవ్వేది కాదు. “మల్ల పిలువు,” అనేది, కళ్లు మూసుకుని.

ఆఫీసుకి ఆవిడా నేనూ వెళ్లాం. గుమాస్తా వయసు మళ్లిన మనిషి, ఉప్పల్ దగ్గరి వాడే. కాగితం చదివాడు, మంత్రసాని గురించి అడిగాడు, చెప్పాను. సంతకం పెట్టబోతూ కలం ఆపి, ఊరికే కాలక్షేపానికి అడిగినట్టు అడిగాడు.

“బడి కట్టకముందు ఆ జాగల ఏముండె?”

ఇది మా పాఠంలో లేదు. మేము వచ్చేనాటికి ఉప్పల్ బడి కట్టి ఉంది.

“సున్నం బట్టీ ఉండె,” అన్నాను. “సలికాలం పొద్దుగాల పోయి నిలవడితె ఎచ్చగుండె.”

గుమాస్తా నవ్వి, “ఔ బిడ్డా, నేను గూడ నిలవడ్డ,” అని సంతకం పెట్టేశాడు.

ఉప్పల్‌లో బస్సు దిగాం. పెద్దమ్మ నా ముంజేయి పట్టుకుంది. “నీకెవరు జెప్పిన్రు బట్టీ సంగతి?” అంది.

“మీరే చెప్పి ఉంటారు.”

“నేను జెప్పలే.”

పదమూడేళ్లు ఆ వీధిలో తిరిగినదాన్ని, ఎవరి నోటో విని ఉంటాను. వెయ్యిసార్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. బట్టీ దగ్గర ఏదో పొద్దున ముఖానికి తగిలిన వేడి మాత్రం నాకు గుర్తుంది. అది విని గుర్తుపెట్టుకునేది కాదు.

ఆ రోజు నుంచి ఆవిడ మారిపోయింది. ప్రతి ఈస్టరుకీ వాళ్లు పాప సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి వచ్చేవాళ్లు. ఆ ఏడు ఆవిడ వెళ్లలేదు. పెద్దనాయన అడిగితే, “ఎవరున్నరని పోవాలె?” అంది. ఒకరోజు ట్రంకుపెట్టె తెరిచి, మూరెడంత గౌను ఒకటి తీసి నా భుజాలకు ఆనించి చూసింది. “పొట్టిగైంది,” అంది మామూలుగా, మడతపెట్టి లోపల పెడుతూ. నాకు పందొమ్మిదేళ్లు. నవ్వాలో పారిపోవాలో తెలియక నిలబడ్డాను.

మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. ‘ఏమే’, ‘ఇదిగో’, అంతే. ఎందుకమ్మా అని నిలదీశాను.

“ఆ పేరు పిలిస్తే ఇద్దరు పలుకుతున్నట్టుందే,” అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ, నా వైపు చూడకుండా.

నాచారం బడిలో చేరాను. రెండు నెలలు తిరక్కుండానే బోగస్ సర్టిఫికెట్ల మీద పైకి అర్జీలు వెళ్లాయి, వాటిలో నా మీద కూడా ఒకటి ఉంది. పెట్టినవాళ్లది తప్పని ఎలా అంటాను? ఆ కుర్చీ ఈ ఊరి పిల్ల ఎవరిదో. విచారణకు గిర్దావరు వస్తాడని కబురొచ్చింది. తాసిల్దారు కింద ఊళ్లు తిరిగి నిజానిజాలు చూసే ఉద్యోగి ఆయన. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా లేనిది ఒక్కటే, ద్రాక్షతోటల అంచున సమాధుల దొడ్లో ఉంది. పాప సమాధి మీద పేరు చెక్కి ఉంది.

పెద్దనాయన ఎవరితోనూ చర్చించలేదు. ఒక మధ్యాహ్నం ఉలి, సుత్తె, తాపీ సంచిలో వేసుకుని, సున్నం బొక్కెన పట్టుకుని, “నడువు బిడ్డా,” అన్నాడు. నేను నీళ్లకడవ ఎత్తుకున్నాను. మండుటెండ. దారిలో మనిషి లేడు, కాకి అరుపు కూడా లేదు. మనుషులు లేని పట్టపగలంటే నాకు భయం పట్టుకుంది ఆ రోజే.

నేను లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. చింతచెట్టు పక్కన ఆరు చిన్న సమాధులున్నాయి, ఆరూ పెద్దనాయన కట్టినవే. సంఘంలో పిల్లలెవరు పోయినా ఆయనే కట్టేవాడు, ఆరూ ఒకే కొలత. ఒక్కదాని మీదే రాతలున్నాయి. మూడు వరసలు. అప్పటి అయ్యగారు రాసిచ్చిన చీటీ చూసి, బొమ్మ గీసినట్టు సిమెంటులో గీశాడు.

“ఇంట్ల ఏది పేరు?” అన్నాడు. “జర సూపియ్యి.”

అర్థం కాలేదు నాకు. ఆయన మళ్లీ అడిగాడు. వరసల్లో ఒకటి బైబిల్ వాక్యం, ఒకటి తేదీ, ఒకటి పేరు అని తెలుసు కానీ ఏది ఏదో ఆయనకు తెలియదు. వాక్యం ఉండనిద్దామని, పేరూ తేదీ మాత్రమే తీసేద్దామని ఆయన ఆశ.

వంగి చదివాను. పై వరసే పేరు. చదివి ఆగిపోయాను. రెండో అక్షరం కింద ఒత్తు లేదు. చీటీ మీద ఒత్తు కింది గీతకు తగిలి ఉంటుంది, అది కూడా గీతేననుకుని వదిలేసి ఉంటాడు. ఒత్తు లేకపోతే అది నా పేరు కాదు, ఆ పిల్ల పేరూ కాదు, అసలు పేరే కాదు. పద్నాలుగేళ్లు ఆ ఇద్దరూ దానికే సున్నం వేసి, దానికే పూలు పెట్టారు. సంఘంలో చదువొచ్చినవాళ్లు ఎవరూ ఆయనకు చెప్పలేదు.

చెప్పాల్సింది నేను. “ఇది వేరే పేరులా ఉంది పెద్దనాయనా, గిర్దావరు చదివినా పోల్చుకోలేడు, ఉండనివ్వు,” అంటే సరిపోయేది. ఆయన మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది శుద్ధ అబద్ధం. గిర్దావరు ఒత్తు ఉన్నట్టే చదువుకుంటాడేమో, ఉద్యోగం పోతుందేమోనని ఊరుకున్నాను.

వేలు పెట్టి చూపించాను. వేలికింద సిమెంటు ఎండకు కాలుతోంది.

ఆయన ఉలి ఆనించి, సుత్తె ఎత్తి ఆగాడు. “మంచిగనే రాసిన గద బిడ్డా?” అన్నాడు.

“మంచిగ రాసినవ్ పెద్దనాయనా,” అన్నాను.

జీవితంలో నేను దిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటే. ఆయన కొట్టడం మొదలుపెట్టాడు. నా పేరు పెచ్చులు పెచ్చులుగా లేచి నా పాదాల మీద పడింది. తేదీ కూడా పోయింది. వాక్యాన్ని కాపాడదామనుకున్నాడు గానీ సిమెంటు పగిలి అదీ ఊడింది. పైన కొత్తగా గచ్చు చేసి నున్నగా పామాడు. తర్వాత లేచి మిగిలిన అయిదూ అలాగే చేశాడు.

“ఒక్కటే కొత్తగుంటే అనుమానం వస్తది,” అన్నాడు.

ఆరిటికీ సున్నం వేశాం. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఎండలో ఆరూ తెల్లగా ఒకేలా మెరుస్తున్నాయి. పెద్దనాయన వెనక్కి తిరగలేదు.

గిర్దావరు ఆ వారంలోనే వచ్చాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని టీ తాగాడు, కాగితాలు తిప్పాడు, “పిల్లను పిలువున్రి,” అన్నాడు. పెద్దమ్మ నా పేరు పిలిచింది. నేను తలుపు వెనకే ఉన్నాను. పలకడానికి నోరు తెరిచాను. నేను పలకకముందే బావి వైపు నుంచి సన్నగా “ఆఁ” అని వినిపించింది.

నేను భ్రమపడ్డానని అనవచ్చు. గిర్దావరు కూడా బావి వైపు తల తిప్పాడు. పెద్దమ్మ తిప్పలేదు, ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది. నేను గడప దాటి వచ్చి నిలబడ్డాను. ఆయన నన్నూ బావినీ మార్చి మార్చి చూసి, కాగితం మీద రెండు ముక్కలు రాసుకుని, టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. సమాధుల దొడ్డి వైపు వెళ్లనే లేదు.

ఉద్యోగం నిలిచింది. కొన్నేళ్లకు రూల్సే మారిపోయాయి. ఎక్కడ పుట్టావని కాదు, ఎక్కడ చదివావని అడగడం మొదలుపెట్టారు. మొదటి నుంచీ ఉన్న నా బడి కాగితాలే చాలేవి. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు పొట్లం కట్టుకోవడానికి కూడా పనికిరాదు.

పెద్దనాయన ముందు పోయాడు, ఆయన్ని మెదక్ వైపు సొంత పల్లెలో పెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్లకు పెద్దమ్మ మంచం పట్టింది. నేనే చూసుకున్నాను, కూతురు చూసుకున్నట్టే. అప్పటికి అవ్వా అని పిలవడం నాకు అలవాటైపోయింది. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే నా చెయ్యి ఆపింది. చాలా ఏళ్ల తర్వాత ఆవిడ చూపు తేటగా ఉంది.

“నా బిడ్డ యాడున్నది?” అంది.

“ఈడనే ఉన్న అవ్వా.”

నన్ను చూసింది. బావి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన రోజున వాడిపోయినట్టే ముఖం వాడిపోయింది.

“నువ్వు గాదు,” అంది. “అది. దాని పక్కన పెట్టున్రి నన్ను.”

రెండు రోజులకు పోయింది. సంఘపెద్దలు గొయ్యి తవ్వే మనుషుల్ని తీసుకుని సమాధుల దొడ్లో నా కోసం నిలబడ్డారు. చింతచెట్టు ఎప్పుడో కొట్టేశారు. ప్రహరీ కట్టి, దారి మార్చారు. ఆరు చిన్న సమాధులు, ఒకే కొలత, ఒకే గచ్చు, ఒక్కదాని మీదా అక్షరం లేదు. ఒత్తు లేని ఆ తప్పుపేరు ఉండి ఉన్నా చాలేది. ఆ రోజు అక్కడ దాన్ని చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే, తీసేయించిందీ నేనే.

“ఏది టీచరమ్మా?” అని అడిగారు.

తెలియదని చెప్పలేకపోయాను. ఆవిడ శవం ఎండలో ఉంది. వేలు పెట్టి చూపించాను. నేను చూపించిన దాని పక్కనే తవ్వి ఆవిడను పెట్టారు. అది వాళ్ల బిడ్డదేనో, ఇంకెవరి బిడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు.